వానలు తగ్గిన ఏడాది అడవికి, జలపాతానికి, లాంచీ షికారుకు వెళ్తున్నారా? బుక్ చేసే ముందు ఇవి తెలుసుకోండి

నాలుగు రోజులు వరుస సెలవులు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో నాగార్జునసాగర్ లాంచీ ఫొటో పెట్టారు. కొండల మధ్య నిండుగా కృష్ణా నది, లాంచీ పైఅంతస్తులో చల్లగాలి. ‘ఈసారి అందరం వెళ్దాం’ అంటూ పది మంది బొటనవేలు ఎత్తారు. మీరు రూముల కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఆ ఫొటో ఏ నెలది? ఏ సంవత్సరానిది?

వరద బాగా వచ్చిన ఏడాది అక్టోబరులో తీసిన ఫొటో చూసి, వానలు తగ్గిన ఏడాది మార్చిలో బయలుదేరితే మీకు కనిపించేది వేరే దృశ్యం. నీళ్లు ఒడ్డుకు చాలా దూరం జరిగిపోయి ఉంటాయి. లాంచీ కట్టేసి ఉంటుంది. జలపాతం దగ్గర తడిసిన బండరాళ్లే మిగులుతాయి. అడవి గేటు దగ్గర ‘ట్రెక్కింగ్ నిలిపివేత’ అనే బోర్డు వేలాడుతుంటుంది.

కరువు అనగానే మనకు పంటలు, తాగునీళ్లు గుర్తుకొస్తాయి. రావాల్సిందీ అవే. అయితే మనం సరదాగా వెళ్లే చోట్లు కూడా ఆ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. కరువు ఏడాది ఎక్కడికీ వెళ్లకూడదని కాదు. ఒక్కో చోటు ఒక్కో నెలలో, ఒక్కో కారణంతో మూతపడుతుంది. ఆ క్రమం తెలిస్తే డబ్బు వృథా కాదు, ప్రాణం మీదకు రాదు, అడవికీ భారం తగ్గుతుంది.

క్లుప్తంగా

- మొదట తగ్గేది జలపాతం, తర్వాత బోటింగ్, ఆ తర్వాత మంటల కాలంలో ట్రెక్కింగ్.
- మీ ఊళ్లో వాన పడిందా లేదా అన్నదాన్ని బట్టి సాగర్, శ్రీశైలం నీటిమట్టం తేల్చుకోలేం.
- కరువులో ముప్పు రెండు చోట్ల పొంచి ఉంటుంది: ఎండిన ఆకుల్లో, ఎండినట్టు కనిపించే నదిలో.
- నీటిమట్టం, మంటల సమాచారం ప్రభుత్వ సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. బుక్ చేసే ముందు చూసుకోవచ్చు.

అసలు కరువని ఎవరు తేలుస్తారు?

ఒక ప్రాంతంలో కురవాల్సిన సగటు వర్షంలో 26 నుంచి 50 శాతం వరకు లోటు ఉంటే భారత వాతావరణ విభాగం దాన్ని ఒక మోస్తరు కరువుగా లెక్కిస్తుంది. లోటు 50 శాతం దాటితే తీవ్రమైన కరువు. దీనికి తోడు పంట పరిస్థితి, నేలలో తేమ, భూగర్భ జలాలు, జలాశయాల్లోని నీరు లాంటివి చూసి కరువు మండలాలను ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. 2023 ఖరీఫ్ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 7 జిల్లాల్లోని 103 మండలాలను అలాగే ప్రకటించింది. ఆ ఏడాది ఎల్‌నినో ప్రభావం ఉంది. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు మరొకటి లేదు.

ఒక విషయం గుర్తుంచుకోండి. కరువు మండలాల ప్రకటన రైతులకు సాయం అందించడం కోసం చేసేది. ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన అక్కడి పర్యాటక కేంద్రం మూతపడినట్టు కాదు. పేరు లేనంత మాత్రాన తెరిచి ఉంటుందనీ కాదు. పర్యాటకానికి సంబంధించిన నిర్ణయాలను అటవీ శాఖ, జలవనరుల శాఖ, జిల్లా యంత్రాంగం, పర్యాటక సంస్థలు వేర్వేరుగా తీసుకుంటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. కరువు ప్రభావం అన్నిచోట్లా ఒకేసారి కనిపించదు. చిన్న వాగు మీద ఆధారపడ్డ జలపాతం వాన ఆగిన కొద్ది వారాలకే సన్నబడుతుంది. పెద్ద జలాశయంలో లోటు చలికాలం దాటాక తెలుస్తుంది. అడవి ఎండిపోవడం ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయటపడుతుంది. అంటే ఆగస్టులో పడని వాన మీ వేసవి సెలవుల్ని నిర్ణయిస్తుంది.

లాంచీ ఎందుకు ఆగిపోతుంది?

నాగార్జునసాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. అప్పుడు అందులో సుమారు 312 టీఎంసీల నీరు ఉంటుంది. కనీస నీటిమట్టం 510 అడుగులు. ఈ రెండింటికీ తేడా 80 అడుగులు. ఇంచుమించు ఎనిమిది అంతస్తుల భవనమంత ఎత్తు అన్నమాట. నీళ్లు అంత కిందికి దిగినప్పుడు ప్రయాణికులు ఎక్కే జెట్టీ గట్టు మీదే మిగిలిపోతుంది. నీటి అడుగున ఉన్న బండలు, మట్టిదిబ్బలు లాంచీకి తగిలేంత పైకి వస్తాయి. సాగర్ నుంచి శ్రీశైలానికి వెళ్లే దారి కొండల మధ్య మలుపులు తిరుగుతూ సాగుతుంది. అందులో ఒక్కచోట లోతు చాలకపోయినా ప్రయాణం కుదరదు. అందుకే ఈ సర్వీసు ఏడాది పొడవునా నడవదు. నీరు తగినంత ఉన్న నెలల్లోనే నడుస్తుంది. వరద రాని ఏడాది ఆ నెలలు బాగా తగ్గిపోతాయి.

510 అడుగుల దగ్గర కూడా జలాశయంలో 130 టీఎంసీలకు పైగా నీరు ఉంటుంది. చూడ్డానికి అది సముద్రంలాగే కనిపిస్తుంది. ‘ఇంత నీరుంటే బోటు తిప్పరేంటి?’ అని గట్టు మీద వాదించేవాళ్లు ఉంటారు. ఆ మట్టానికి దిగాక మామూలు పద్ధతిలో నీరు తీసుకోవడమే కష్టమవుతుంది. 2024 వేసవిలో హైదరాబాద్ తాగునీటి కోసం సాగర్ దగ్గర అత్యవసర పంపింగ్ మొదలుపెట్టాల్సి వచ్చింది. నగరంలో మీ ఇంటి కుళాయిలో వచ్చే కృష్ణా నీరు, మీరు లాంచీలో తిరగాలనుకున్న నీరు ఒకటే.

కొరత వచ్చినప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలన్నదానికి ఒక వరస ఉంది. 2002 జాతీయ జల విధానంలో తాగునీరు మొదటిది. తర్వాత సాగు, జలవిద్యుత్, పర్యావరణం, పరిశ్రమలు, చివర్లో జలరవాణా, ఇతర అవసరాలు. పర్యాటకం పేరు అందులో విడిగా లేనే లేదు. 2012 విధానం కూడా తాగునీటికే అగ్రస్థానం ఇచ్చింది. కాబట్టి కరువులో బోటింగ్ ఆపేశారంటే అది అధికారుల నిర్లక్ష్యమే అయి ఉండాల్సిన పనిలేదు.

మా ఊళ్లో వాన బాగానే పడింది కదా?

చాలామంది పొరపడేది ఇక్కడే. శ్రీశైలం, సాగర్ నిండేది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కురిసిన వానతో కాదు. కృష్ణా పుట్టింది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర. పశ్చిమ కనుమల్లో కురిసిన వాన ముందు కర్ణాటకలోని ఆల్మట్టి, నారాయణపూర్ నింపాలి. తర్వాత జూరాల. తుంగభద్ర డ్యాం నిండాక అటువైపు నుంచీ వరద కలవాలి. అప్పుడు శ్రీశైలం, ఆ తర్వాతే సాగర్. ఎగువన లోటు ఉంటే చివర్లో ఉన్న సాగర్‌కు ఏమీ మిగలకపోవచ్చు.

దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. 2024 వేసవిలో అడుగంటిన సాగర్‌కు అదే ఏడాది ఆగస్టులో గేట్లు ఎత్తాల్సినంత వరద వచ్చింది. అందుకే మూడు నెలల నాటి వార్త చూసి ప్లాన్ వేసుకోవద్దు, రద్దు చేసుకోవద్దు. వెళ్లే వారం నీటిమట్టం చూడండి.

నీరు తగ్గితే కనిపించేవి కూడా కొన్ని ఉన్నాయి. శ్రీశైలం వెనుక జలాల్లో, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం ఆలయం ఏడాదిలో చాలా నెలలు నీట మునిగే ఉంటుంది. నీటిమట్టం తగ్గినప్పుడే బయటపడుతుంది. వరద తక్కువ వచ్చిన ఏడాది అది ముందుగా తేలి, ఎక్కువ రోజులు దర్శనమిస్తుంది. భక్తులకు అది సంతోషం. అదే సమయంలో రాయలసీమ కాల్వల కింద రైతుకు అది దిగులు.

జలపాతాలు: సన్నటి ధార, లోతైన గుండం

ఆదిలాబాద్ జిల్లాలో కడెం వాగు మీదున్న కుంటాల, ములుగు జిల్లా వాజేడు మండలంలోని బొగత, తిరుపతి జిల్లాలోని తలకోన. ఇవన్నీ వానాకాలం నీటితో ఉరకలేసేవే. వీటికి పైన సాగర్ లాంటి పెద్ద నిల్వ ఏదీ లేదు. అడవి నేల పీల్చుకున్న నీరు వాగులోకి మెల్లగా ఊరినన్నాళ్లే ధార ఉంటుంది. వాన లోటు పడితే ఆ ఊట త్వరగా ఆరిపోతుంది. మామూలు ఏడాది డిసెంబరులో చూసిన జలపాతం కరువు ఏడాది అదే నెలలో సగం కూడా ఉండకపోవచ్చు. చూడాలనుకుంటే ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యలో, భారీ వర్ష హెచ్చరికలు లేని రోజు చూసుకుని వెళ్లండి. సంక్రాంతి దాకా ఆగితే నిరాశే ఎదురవ్వొచ్చు.

నీరు తక్కువ కదా, ప్రమాదం ఉండదని మాత్రం అనుకోవద్దు. ఉరవడి ఉన్నప్పుడు జనం దూరంగా నిలబడి చూస్తారు. ధార సన్నబడితే బండల మీదుగా నేరుగా కిందికి దిగుతారు. ఆ బండలకు నాచు పట్టి ఉంటుంది. ధార పడే చోట ఏళ్లుగా తొలుచుకుపోయిన గుండం మాత్రం లోతుగానే ఉంటుంది. పైకి ప్రశాంతంగా కనిపించే ఆ గుండాల్లోనే ఈతకు దిగి చనిపోయిన వార్తలు ఏటా రాస్తూనే ఉన్నాం. కంచె వేసి, బోర్డు పెట్టిన చోట దాటకండి.

ఎండినట్టు కనిపించే నది

డ్యాం కింద నది ఎండిపోయి, మధ్యలో బండలు తేలి ఉన్నప్పుడు సెల్ఫీకి అంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో జరిగింది గుర్తుందా? విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు నదిలోని బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా ఎగువ నుంచి నీరు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. అది కరువు వల్ల జరిగింది కాదు. కానీ నదిలో నీరు తక్కువగా ఉన్నప్పుడు జనం మధ్యదాకా వెళ్తారు. కరువు ఏడాది అలాంటి రోజులు ఎక్కువ.

జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టినా, తాగునీటి కోసం నీరు విడుదల చేసినా దిగువన మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది. పైన ఎండ కాస్తున్నా పెరుగుతుంది. డ్యాం దిగువన నదిలోకి దిగొద్దు. సైరన్ వినిపిస్తే వస్తువుల కోసం ఆగకుండా గట్టెక్కండి.

జలాశయం వైపు ప్రమాదం ఇంకోలా ఉంటుంది. నీరు వెనక్కి తగ్గిన చోట పైన ఎండి పగుళ్లిచ్చిన నేల కనిపిస్తుంది. కింద మాత్రం మెత్తటి బురద ఉంటుంది. కారు తీసుకెళ్లి నీటి అంచున ఆపాలని చూస్తే చక్రాలు దిగబడతాయి. పిల్లలు పరుగెత్తితే మోకాలి లోతుకు కూరుకుపోతారు. నడిచి వచ్చిన పశువుల దారి, జాలర్ల దారి ఎటుందో స్థానికులను అడిగి అటే వెళ్లండి.

అడవిలో మంట: అసలు భయం ఇదే

నల్లమల, శేషాచలం అడవుల్లో చాలా భాగం ఆకురాల్చే చెట్లే. జనవరి దాటాక ఆకు రాలుతుంది, గడ్డి ఎండుతుంది. వాన సరిగా పడని ఏడాది నేలలో తేమ ఉండదు కాబట్టి ఈ ఎండు పొర ముందుగానే సిద్ధమవుతుంది. దాని మీద ఒక సిగరెట్ ముక్క చాలు. దేశంలోని అటవీ ప్రాంతంలో 36 శాతానికి పైగా తరచూ మంటల ముప్పున్నదేనని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అంచనా. ఈ మంటల్లో చాలా వరకు మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే.

2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవుల్లో లేచిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవారు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది నగరాల నుంచి వారాంతానికి వెళ్లిన యువతీ యువకులే. ఆ తర్వాత తమిళనాడు ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మంటల కాలంలో అడవి దారులు మూసేస్తోంది.

కొండ మీద మంట కింది నుంచి పైకి వేగంగా ఎక్కుతుంది. ఎదర ఉన్న గడ్డిని వేడితో ముందే ఆరబెట్టుకుంటూ వెళ్తుంది. దానికన్నా ముందు పరుగెత్తి శిఖరం చేరుకుందామనుకోవడం చాలాసార్లు ప్రాణాంతకం. గడ్డి లేని బండ, వాగు, రోడ్డు, లేదా అప్పటికే కాలి చల్లారిన నేల ఉన్న వైపు, గాలి వీచే దిశకు అడ్డంగా పక్కకు కదలాలి. నైలాన్, పాలియెస్టర్ బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి. వేసవిలో అడవికి నూలు బట్టలే నయం.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం, రాజేసిన నిప్పును ఆర్పకుండా వదిలేయడం నేరం. ఈ చట్టం కింద సాధారణంగా 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పులుల అభయారణ్యం కోర్ ప్రాంతంలో అయితే శిక్ష ఇంకా కఠినం. ‘చిన్న క్యాంప్ ఫైరే కదా’ అన్న మాట అక్కడ చెల్లదు.

సఫారీ: జంతువులు ఎక్కువ కనిపిస్తే సంబరపడాలా?

తెలంగాణలో అమ్రాబాద్, కవ్వాల్, ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. కరువు ఏడాది వేసవిలో వీటిలో జంతువులు కనిపించే అవకాశం పెరుగుతుంది. చిన్న చిన్న నీటి మడుగులన్నీ ఎండిపోయి, మిగిలిన ఒకటి రెండు చోట్లకే దుప్పులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు, వాటి వెనకే చిరుతలు, పులులు రావడం దీనికి కారణం. ఆకు రాలిపోవడం వల్ల దూరం నుంచే చూడొచ్చు కూడా.

మీకు అది అదృష్టం. జంతువుకు మాత్రం అది గత్యంతరం లేని పరిస్థితి. దప్పికతో వచ్చిన జింక జీపుల శబ్దానికి బెదిరి నీళ్లు తాగకుండా వెనక్కి వెళ్తే, దానికి మరో మడుగు దగ్గర్లో ఉండదు. నీటి గుంట దగ్గర ఇంజిన్ ఆపించండి. గొంతు తగ్గించండి. ఫొటో అయిపోగానే బయలుదేరమని మీరే డ్రైవర్‌కు చెప్పండి. ఇంకాస్త దగ్గరికి పోనివ్వమని అడగకండి.

వేసవిలో జంతువుల కోసం అటవీ శాఖ నేల మీద పళ్లెం ఆకారంలో సాసర్ పిట్లు కట్టించి ట్యాంకర్లతో నింపిస్తుంది. సౌర విద్యుత్తుతో నడిచే బోర్లు కూడా వేస్తోంది. వీటి దగ్గర చేతులు కడగడం, సీసాలు నింపుకోవడం, మిగిలిన బిర్యానీ పొట్లం పడేయడం చేయొద్దు. ఉప్పూకారం వాసనకు ప్లాస్టిక్ కవరుతో సహా తినేసే జంతువులు ఉంటాయి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే జాతీయ రహదారి అమ్రాబాద్ అడవి మధ్యలోంచే వెళ్తుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అక్కడ వాహనాలను అనుమతించరు. కరువులో నీటి కోసం జంతువులు రోడ్డు దాటడం పెరుగుతుంది కాబట్టి పగలైనా వేగం తగ్గించండి. దారిలో కోతులకు అరటిపళ్లు, చిప్స్ వేయకండి. తిండి కోసం రోడ్డు మీదకు వచ్చిన కోతి బండి కింద పడుతోంది.

పక్షుల కోసం వెళ్తే?

నేలపట్టులో గూడబాతులు చెరువు నీటిలో మునిగి ఉండే చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీరుంటే పిల్లలకు శత్రువుల భయం తక్కువ, చేపలూ అందుబాటులో ఉంటాయి. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసి చెరువు నిండని ఏడాది గూళ్లు తగ్గిపోతాయి. కాబట్టి నేలపట్టు, పులికాట్ వెళ్లాలనుకుంటే చూడాల్సింది జులై వానలు కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలు.

కొల్లేరు కథ వేరు. 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేల. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు తెచ్చే మంచినీరు తగ్గితే ఉప్పుటేరు ద్వారా సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. నీరు కనిపిస్తుంది కానీ ఉప్పుదేలుతుంది. దాంతో చేపలు, మొక్కలు మారతాయి, వాటిని నమ్ముకున్న పక్షులూ చెదురుతాయి.

కాలినడక యాత్రలు, జాతరలు

మనకు అడవి ప్రయాణమంటే ట్రెక్కింగ్ ఒక్కటే కాదు. శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి నడిచే శివస్వాములు ఉన్నారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఉన్నారు. చైత్ర పౌర్ణమికి నల్లమల లోయలోని సలేశ్వరం జాతరకు వెళ్లేవారు ఉన్నారు. ఇవన్నీ మంటల కాలంలోనే వస్తాయి. వరసగా చూస్తే శివరాత్రి నుంచి సలేశ్వరం దాకా ఎండ ముదురుతూ పోతుంది.

దారిలో ఫలానా చోట కొలను ఉందని పెద్దలు చెప్పి ఉండొచ్చు. కరువు ఏడాది ఆ కొలను మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎండలో రోజంతా నడిచే మనిషికి కనీసం నాలుగైదు లీటర్ల నీరు పడుతుంది. శిబిరాల్లో నీరిచ్చే చోట్లు ఈసారి ఎక్కడున్నాయో బయలుదేరే ముందే కనుక్కోండి. ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత నడవండి. హారతి కర్పూరం, అగరుబత్తులు దారిలో చెట్ల కింద వెలిగించవద్దు. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లను ఆ ఎండలో లోయలోకి దింపేముందు డాక్టర్‌ను అడగండి.

వెళ్లే ముందు ఎక్కడ చూడాలి?

1. నీటిమట్టం: దేశంలోని ప్రధాన జలాశయాల వివరాలను కేంద్ర జల సంఘం ప్రతి గురువారం విడుదల చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ జలాశయాల రోజువారీ మట్టాలు ఏపీ జలవనరుల శాఖ సమాచార పోర్టల్‌లో ఉంటాయి. ఇవాళ్టి మట్టాన్ని పూర్తిస్థాయి మట్టంతో పోల్చి చూడండి. శ్రీశైలానికి అది 885 అడుగులు, సాగర్‌కు 590.
2. వర్షపాతం: తెలంగాణలో రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాలవారీగా వర్షపాతం ఇస్తుంది. వాతావరణ విభాగం మౌసమ్ యాప్‌లో హెచ్చరికలు చూడొచ్చు.
3. మంటలు: ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల సాయంతో గుర్తించిన మంటలను వన్ అగ్ని పోర్టల్‌లో చూపిస్తుంది. మీరు వెళ్లే అడవి చుట్టూ గత వారంలో ఎర్రచుక్కలు ఎక్కువగా ఉంటే ఆలోచించుకోండి.
4. అనుమతి: ప్రైవేటు ట్రెక్కింగ్ గ్రూపుతో వెళ్తుంటే అటవీ శాఖ ఇచ్చిన అనుమతి పత్రం చూపించమని అడగండి. ‘అక్కడ మేం చూసుకుంటాం’ అన్నారంటే లేదని అర్థం.
5. ఫోన్: పర్యాటక సంస్థ బుకింగ్ కేంద్రానికి ఫోన్ చేసి ‘ఈ వారం నడుస్తోందా?’ అని అడగండి. వెబ్‌సైట్‌లో టికెట్ కనిపించడం ఒక్కటే చాలదు.
6. అత్యవసరం: 112 అన్ని అత్యవసర సేవలకు, 101 అగ్నిమాపక కేంద్రానికి, 108 అంబులెన్స్‌కు. అడవిలో సిగ్నల్ ఉండదు. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి.

రద్దయితే డబ్బు వస్తుందా?

నిర్వాహకులే సర్వీసు రద్దు చేస్తే కట్టిన సొమ్ము వెనక్కి అడిగే హక్కు మీకుంది. ముందుగా బుకింగ్ షరతులు చదవండి. కొందరు డబ్బు బదులు మరో తేదీ ఇస్తామంటారు. అది మీకు ఇష్టమైతేనే ఒప్పుకోండి. రద్దు చేసినట్టు వచ్చిన మెసేజ్, చెల్లింపు రసీదు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అయితే నీళ్లు తగ్గాయని మీ అంతట మీరు ప్రయాణం మానుకుంటే మామూలు రద్దు నిబంధనలే వర్తిస్తాయి. అందుకే కరువు ఏడాది ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న రూమునే ఎంచుకోండి. పది రోజుల ముందు నీటిమట్టం చూశాకే మిగతావి బుక్ చేయండి.

పిల్లలు అమెరికాలో ఉంటే

మన ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లలు అక్కడి వేసవి సెలవుల్లో నేషనల్ పార్కులు చుట్టేస్తుంటారు. కరువు దెబ్బ అక్కడా ఇలాగే ఉంటుంది. లాస్ వెగాస్ పక్కన ఉన్న మీడ్ సరస్సు 1930ల్లో నిండాక 2022 జులైలో కనిష్ఠానికి పడిపోయింది. బోట్లను నీటిలోకి దించే చోట్లలో చాలా వాటిని మూసేశారు. 2021లో మంటల ముప్పు వల్ల కాలిఫోర్నియాలోని దాదాపు అన్ని జాతీయ అటవీ ప్రాంతాలను రెండు వారాల పాటు మూసేశారు. పార్కు వెబ్‌సైట్‌లో హెచ్చరికల పేజీ, నిప్పు రాజేయడంపై నిషేధం ఉందా అన్నది చూసుకుని వెళ్లమని వాళ్లకు చెప్పండి.

చివరగా ఒక మాట

లాంచీ ఆగితే మీకు ఒక వారాంతం పోతుంది. లాంచీలో పనిచేసే మనిషికి, జెట్టీ దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడకు, సఫారీలో దారి చూపే చెంచు కుర్రాడికి ఆ సీజనే పోతుంది. కరువులో పర్యాటకం తగ్గితే ముందు దెబ్బ తగిలేది వాళ్లకే. అందుకే పూర్తిగా మానుకోవడం కన్నా మార్చుకుని వెళ్లడం మేలు. లాంచీ లేకపోతే సాగర్‌లో బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. జలపాతం ఎండితే అక్కడి ఊళ్లో భోజనం చేసి, గైడ్‌కు డబ్బిచ్చి ఆ అడవి గురించి నాలుగు మాటలు వినొచ్చు.

తాగే నీళ్లు మీ ఊరి నుంచే తీసుకెళ్లండి. అక్కడి బోరులో ఉన్నది ఆ ఊరి వాళ్లకూ, పశువులకూ చాలీచాలని నీరు. రిసార్టులో ఈతకొలను ఉందా అని అడగడం మనకు అలవాటు. కరువు ఏడాది ఆ ప్రశ్నకు ఇంకొకటి కలపండి: ‘ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?’